అశ్వము మహాశనము : వృద్ధాశ్వముల అజీర్ణము, తన్నివారణము

నిరుక్తకారుడగు యాస్కాచార్యుడు అశ్వశబ్దమునకు రెండు నిర్వచనములు చెప్పెను. మార్గమును వ్యాపించునది గావున అశ్వమనునది మొదటిది. అధికముగ భుజించునది గావున అశ్వమనునది రెండవది. మొదటిది వ్యాప్త్యర్థకమగు ధాతువును, రెండవది భోజనార్థకమగు ధాతువును ఆశ్రయించినవి. శబ్దవ్యుత్పత్తిని విచారించువారికి ఇవి పక్షాంతరములు. అశ్వమును పోషించువారికి మాత్రము ఇవి ఒకే జంతువు జీవితమందలి రెండు దశలుగ తోచును. యౌవనమున అశ్వమునకు మార్గము ప్రధానము. వార్ధక్యమున వేగము సన్నగిల్లును, భారవహనము తప్పిపోవును, ఆహారము మాత్రము తప్పదు. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని తెలుగువారి సామెత. ఆ ఆహారమే వంటబట్టక బాధించునపుడు శాస్త్రమేమి చెప్పుచున్నది, నేటి పశువైద్యమేమి చెప్పుచున్నది, ఈ రెండింటిలో గ్రాహ్యమేది, త్యాజ్యమేది యనునది ఈ వ్యాసమున విచార్యము.

విషయప్రసక్తి

తిరుమల క్షేత్రమున ఈ విచారమునకు ప్రత్యేక ప్రసక్తి కలదు. శ్రీవేంకటేశ్వరస్వామివారి వార్షిక బ్రహ్మోత్సవములు తొమ్మిది దినములు జరుగును. స్వామివారు ఉదయమును రాత్రియు వాహనారూఢులై నాలుగు మాడవీథులలో ఊరేగుదురు. ఎనిమిదవనాటి రాత్రి అశ్వవాహనము. అది కల్క్యవతారమును స్ఫురింపజేయునని పెద్దలందురు. ఆ వాహనము శిల్పినిర్మితము. దానికి ఆకలి లేదు, శూల లేదు. వాహనమునకు ముందు అలంకృతములై నడచు గజ తురగ వృషభములు మాత్రము ప్రాణముగలవి. వాద్యఘోషమధ్యమున, జనసమ్మర్దమున, అవి చాలసేపు నిలువవలసియుండును. ఆ సేపు మేతయు నీరును వానికి అందుట కష్టము. పడుచు గుఱ్ఱము దీనిని సహింపగలదు. ముసలి గుఱ్ఱమునకు ఇదియే వ్యాధిహేతువు కావచ్చును.

ఈ సీమకు అశ్వములతో గల సంబంధము ఉత్సవములకు పరిమితమైనది కాదు. చంద్రగిరినుండి ఎదిగి క్రీ.శ. 1485 ప్రాంతమున విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములను తెప్పించెననియు, వర్తకులడిగిన వెలనిచ్చెననియు, సముద్రముమీద చచ్చిన గుఱ్ఱమునకు తోక తెచ్చి చూపినను వెల చెల్లించెననియు పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. అంతకు రెండు శతాబ్దములకు పూర్వము దక్షిణ తీరమును చూచిన మార్కోపోలో వేఱొక సంగతిని చెప్పెను. ఇచ్చట గుఱ్ఱములకు అన్నముతో వండిన మాంసము పెట్టుదురనియు, పోషణ తెలియనందున అవి ఎక్కువకాలము బ్రతుకవనియు అతని వ్రాత. పరదేశీయుని మాటలో అతిశయోక్తి ఉండవచ్చును. ఐనను ఈ రెండు వ్రాతలను కలిపి చదివినచో ఒక సత్యము తెలియుచున్నది. గుఱ్ఱమును కొనుటకు ధనము చాలును. దానిని ముసలితనము వఱకు బ్రతికించుటకు శాస్త్రము కావలెను.

శాస్త్రసంప్రదాయము

అశ్వవైద్యమునకు శాలిహోత్రుడు ఆద్యాచార్యుడని ప్రసిద్ధి. ఆయన పేరే శాస్త్రమునకు పేరైనది. భారతమున నకులుడు విరాటుని కొలువులో గ్రంథికుడను పేర అశ్వపాలకుడుగ నుండెను. నకులుని పేర వెలసిన అశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమువారు 1952లో ప్రకటించిరి. జయదత్తుని అశ్వవైద్యకము కలకత్తాలో బిబ్లియోథెకా ఇండికా గ్రంథమాలయందు పందొమ్మిదవ శతాబ్దాంతమున అచ్చయినది. అగ్నిపురాణము, గరుడపురాణము అశ్వచికిత్సను స్పృశించినవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను.

వృద్ధాశ్వవిషయమున మిక్కిలి విలువైన మాట వైద్యగ్రంథమున గాక కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్ష ప్రకరణమున కనబడుచున్నది. యుద్ధముచేతను, వ్యాధిచేతను, ముసలితనముచేతను, పనిచేతను క్షీణించిన గుఱ్ఱములను ఆతడు పిండగోచరికములనెను. అనగా పనిలేకయే ఆహారమును పొందదగినవి. ప్రతి వ్యయమును లెక్కించిన కౌటిల్యుడు ముసలి గుఱ్ఱపు గ్రాసమును తగ్గింపక దానికొక పేరుపెట్టి స్థానము కల్పించుట గమనింపదగినది. ఆ ప్రకరణమునందే అశ్వచికిత్సకుని విధియు చెప్పబడినది. శరీరము క్షీణించినను, మితిమీరి పెరిగినను ప్రతీకారము చేయుట, ఋతువునుబట్టి ఆహారమును మార్చుట వాని పని. చికిత్సవలనగాని ఔషధమువలనగాని వ్యాధి పెరిగినచో చికిత్సావ్యయమునకు రెట్టింపు దండము. ఆహారమే ప్రథమ వైద్యమనియు, తెలియని వైద్యము అపరాధమనియు దీని ఫలితార్థము.

జరయు జీర్ణమును

జరా, జీర్ణ శబ్దములు రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. వయస్సు తరుగుట ఆ ధాతువునకర్థము. ముసలిది జీర్ణము, అరిగిన అన్నమును జీర్ణమే. ఈ శబ్దసామ్యము ఆలోచనయందు ఒక పొరపాటునకు దారితీయుచున్నది. గుఱ్ఱము ముసలిదైనది గావున మేత అరుగుటలేదు, చిక్కిపోవుచున్నది, ఇది సహజమే యని పోషకులు ఊరకుందురు. ఇది సరికాదు. జర వ్యాధి కాదు. అజీర్ణము జరాలక్షణము కాదు. జరవలన శరీరమున కలిగిన నిర్దిష్టమగు మార్పులు అజీర్ణమునకు హేతువులగును. ఆ హేతువులలో పెక్కింటిని కనిపెట్టవచ్చును, కొన్నింటిని తొలగింపవచ్చును. వీనిలో మొదటిది ఉదరమున లేదు, నోటిలో నున్నది.

దంతపరీక్ష

వరాహమిహిరుడు బృహత్సంహితయందలి అశ్వలక్షణాధ్యాయమున దంతములనుబట్టి వయస్సును నిర్ణయించు క్రమమును చెప్పెను. అయిదేండ్లు నిండిన పిమ్మట మూడేసి యేండ్లకొక చిహ్నము. కాలిక, పీత, శుక్ల, కాచ, మాక్షీక, శంఖ అనునవి దంతములందు కనబడు వర్ణభేదములు. ఆపై అవటము, అనగా గుంట. చలనము, అనగా కదలుట. తుదకు పాతము, అనగా రాలుట. ఈ తొమ్మిదింటిని మూడేసి చొప్పున లెక్కించినచో ముప్పదిరెండేండ్లగును. ఈ లెక్క సాధారణముగ క్రయవిక్రయములందు వెలకట్టుటకు ఉపయోగపడినది. చివరి మూడు చిహ్నములు మాత్రము వైద్యునికి సంబంధించినవి. గుంటపడిన, కదలుచున్న, రాలిన పండ్లతో గుఱ్ఱము గడ్డిని నమలజాలదు.

గుఱ్ఱపు దవడపండ్లు జీవితాంతము చిగుళ్ళనుండి పైకి వచ్చుచుండును. ఏటికి రెండు మూడు మిల్లీమీటర్లు వచ్చి అంతమేరకు అరుగును. ఇరువది యేండ్లు దాటిన తరువాత ఆ నిలువ తీరిపోవును. పైదవడ క్రిందిదానికంటె వెడల్పు గావున పైపండ్లకు బుగ్గవైపునను, క్రిందిపండ్లకు నాలుకవైపునను మొనలేర్పడి గాయములు చేయును. నొప్పిచేత గుఱ్ఱము సరిగా నమలదు. నమలినప్పుడే దానికి లాలాజలము ఊరును గావున నమలుట తగ్గినచో లాలాజలము తగ్గును. పొడిగా, పొడవుగా నున్న గడ్డి అట్లే లోనికి పోవును. అది అన్నవాహికలో అడ్డుపడవచ్చును, ప్రేగులో గడ్డకట్టవచ్చును. సగము నమలిన గడ్డియుండలు తొట్టివద్ద పడియుండుట, లద్దెలో పొడవైన గడ్డిపోచలు కనబడుట, మేయునపుడు తల ఒకవైపునకు వంచుట దీనికి గుర్తులు. ఆఱు నెలలకొకసారి పశువైద్యునిచే నోరు చూపించి, మొనలను ఆకురాయివంటి పనిముట్టుతో అరగదీయించినచో కడుపునొప్పికి ఒక ముఖ్యకారణము తొలగును.

కోష్ఠనిర్మాణము

గుఱ్ఱము ఆవువలె నెమరువేయు జంతువు కాదు. దాని ఆమాశయము శరీరమునుబట్టి చూడ మిక్కిలి చిన్నది. ఎనిమిది మొదలు పదునైదు లీటర్లు మాత్రమే పట్టును. పిత్తాశయము దానికి లేదు. పిత్తము నిరంతరము ప్రేగులోనికి స్రవించుచుండును. ఈ రెండును గుఱ్ఱము కొంచెము కొంచెముగ, రోజులో అధికభాగము మేయుటకు తగిన నిర్మాణము. చిన్నప్రేగు సుమారు ఇరువది మీటర్ల పొడవు. దానికి పిమ్మట అంధనాళము, పెద్దప్రేగు. గడ్డిలోని పీచును అచ్చటి సూక్ష్మజీవులు పులియబెట్టి శక్తిగా మార్చును. ధాన్యము ఎక్కువై చిన్నప్రేగున అరుగక అచ్చటికి చేరినచో ఆ సూక్ష్మజీవుల సమత్వము చెడి వాయువును ఆమ్లమును పెరుగును. పెద్దప్రేగు మడతపడి సన్నగిల్లు చోట మేత గడ్డకట్టుట ఎక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైనది, గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. ఆమాశయద్వారము అంత బిగువుగ మూసికొనును. లోనికి పోయినది వెనుకకు రాలేదు గావున ద్రవము, వాయువు నిండినచో ఆమాశయము పగులు ప్రమాదము కలదు.

ఉదరవ్యాధిని శాస్త్రము శూల, ఆధ్మానము, ఆనాహము, అతీసారము మున్నగు పేర్లతో విభజించినది. గడ్డకట్టి మలము నిలుచుట ఆనాహము. వాయువుచే ఉబ్బుట ఆధ్మానము. శూల యనునది నొప్పికి పేరు. దాని మూలము వెదకవలెను. వయోంతమున వాతము ప్రబలమని ఆయుర్వేదము చెప్పును. రూక్షత, శోషము వాతగుణములు. ముసలి గుఱ్ఱమున లాలాజలము తగ్గుట, నీరు చాలక మలము ఎండుట ఈ మాటకు దగ్గరగనే యున్నవి. ఐతే నేటి వైద్యము గుర్తించిన కొన్ని హేతువులను దోషవిభాగముచేత మాత్రమే తెలిసికొనజాలము. ముసలి గుఱ్ఱముల కడుపులో కాడగల కొవ్వుగడ్డలు పెరిగి, ఆ కాడ చిన్నప్రేగునకు ఉరివలె చుట్టుకొనుట వానిలో ఒకటి. దీనికి శస్త్రచికిత్స దప్ప గతి లేదు. క్రిములు, మేతతో పోయిన ఇసుక ఇతర హేతువులు.

లక్షణములు, కర్తవ్యము

మేత మానుట, ముందుకాలితో నేలను గీరుట, మాటిమాటికి డొక్కవైపు చూచుట, పైపెదవి మడచుట, పండుకొని లేచుట, పొరలుట, చెమటపట్టుట, లద్దె వేయకుండుట శూలకు గుర్తులు. విశ్రాంతిగ నున్న గుఱ్ఱపు నాడి నిమిషమునకు 28 మొదలు 44 వఱకు, శ్వాస 8 మొదలు 16 వఱకు, దేహోష్ణము 37.2 మొదలు 38.3 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు ఉండును. దవడ క్రింది నాడి 60 దాటినచో విషయము తీవ్రము. చిగురును వ్రేలితో నొక్కి విడిచిన రెండు క్షణములలో రంగు తిరిగి రావలెను. చిగుళ్ళు ఎఱ్ఱనై గాని నీలమై గాని యున్నచో, డొక్కకు చెవి ఆనించినపుడు ప్రేగుల చప్పుడు వినబడనిచో ఒక్క ఘడియయైనను ఆలస్యము తగదు. బాహ్యలక్షణములు మందముగ నున్నవని ముసలి గుఱ్ఱమును ఉపేక్షింపరాదు. ప్రేగు ఉరిపడిన గుఱ్ఱము కొంతసేపటికి నొప్పి తగ్గినట్లు నిలుచుట ప్రేగు చచ్చుచున్నదనుటకును గుర్తు కావచ్చును.

వైద్యుడు వచ్చులోగా మేతను తీసివేయవలెను. గుఱ్ఱము శాంతముగ నున్నచో కొద్దిసేపు మెల్లగా నడిపింపవచ్చును. అలసిపోవునట్లు గంటలకొలది త్రిప్పరాదు. పొరలుచున్నదానిని గోడలు, రాళ్ళు లేని చోటికి చేర్చవలెను. మనిషి దాని కాళ్ళకు దూరముగ నుండవలెను. లద్దె ఎప్పుడు వేసినది, మేత ఏమి పెట్టినది, నాడి ఎంత, ఏ వేళ నొప్పి మొదలైనది వ్రాసియుంచవలెను. నొప్పి తగ్గించు సూదిమందును వైద్యుని యనుజ్ఞ లేక ఇచ్చినచో లక్షణములు మరుగుపడి శస్త్రచికిత్సకు తగిన కాలము మించిపోవును. ముసలిదను ఒక్క కారణమున చికిత్సను నిరాకరించుటయు తగదు. నిర్ణయము వ్యాధినిబట్టి, దేహబలమునుబట్టి చేయవలసినది.

ఇచ్చటనే సంప్రదాయమునందలి ఒక పద్ధతిని స్పష్టముగ నిషేధింపవలెను. వెదురుగొట్టముతోనో సీసాతోనో కషాయము, నూనె, వాము ఇంగువ కలిపిన నీరు గుఱ్ఱము తలయెత్తి నోట పోయుట పలుచోట్ల వాడుకలో నుండినది. తల పైకెత్తిన గుఱ్ఱము సరిగా మ్రింగలేదు; ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాంతకమగు వాపు కలుగును. ఆమాశయము ముందే నిండియున్నచో పోసిన ద్రవము దానిని మరింత ఉబ్బించును. పశువైద్యుడు ముక్కుగుండ గొట్టమును ఆమాశయమునకు చేర్చి, మొదట లోనున్నదానిని బయటికి తీసి, ఆపైననే అవసరమైనచో మందు పోయును. ఔషధద్రవ్యము మంచిదైనను మార్గము తప్పినచో విషమగును. కౌటిల్యుడు చెప్పిన రెట్టింపు దండము ఇట్టి సందర్భమునకే తగును.

ఆహారనియమము

చికిత్సకంటె పథ్యము మేలు. గుఱ్ఱమునకు రోజుకు దాని బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు పాళ్ళు ఎండుమేత లెక్కన కావలెను. 400 కిలోల గుఱ్ఱమునకు ఇది 6 మొదలు 8 కిలోలు. దీనిని రెండుపూటల గాక నాలుగైదు భాగములుగ పెట్టవలెను. పండ్లు పోయినదానికి పచ్చగరిక, లేత లూసర్ను, సన్నగ తరిగి నానబెట్టిన మేత తగినవి. చిత్తూరు సీమలో సులభముగ దొరకు వరిగడ్డి పొడి మేత, బలము తక్కువ, పండ్లు లేని గుఱ్ఱమునకు అదియే ప్రధానమైనచో గడ్డకట్టును. వేరుశనగ కట్టె మంచిదే గాని మన్ను విదిలించి, బూజు లేదని చూచి పెట్టవలెను. మేతను ఇసుకనేలపై వేయక తొట్టిలో వేయవలెను.

ఉలవలు ఈ సీమలో గుఱ్ఱముల ఆహారముగ ప్రసిద్ధము. సంస్కృతమున కులత్థము. అది ఉష్ణము, కఫవాతహరమని ఆయుర్వేదము. నానబెట్టి మెత్తగ ఉడికించి గుగ్గిళ్ళుగ పెట్టుట యుక్తమే, పచ్చివి అరుగవు. ఐతే గుగ్గిళ్ళు గడ్డికి తోడుగాని బదులు కాదు. ధాన్యముగాని పప్పుగింజలుగాని ఒక్క పూటలో రెండు కిలోలకు లోబడియుండవలెను. ముసలిదానికి ఇంకను తక్కువ. మేతలో ఏ మార్పునైనను పదిదినముల క్రమమున చేయవలెను. పొడవుగ పెరిగి రాలని వెండ్రుకలు గల ముసలి గుఱ్ఱమునకు గ్రంథివ్యాధి ఉండవచ్చును. అట్టిదానికి బెల్లము పెట్టుటవలన గిట్టలలో వాపు కలుగు ప్రమాదము కలదు. భక్తులు ఉత్సవవేళ అరటిపండ్లు, ప్రసాదము నోటికందింపవచ్చును. ఒకరు పెట్టినది కొంచెమే, నూరుగురు పెట్టినది కొంచెము కాదు.

నీటివిషయము అన్నిటికంటె తేలికగ మరువబడునది. గుఱ్ఱమునకు రోజుకు 25 మొదలు 45 లీటర్లు కావలెను. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్యమాసములలో చలి ఎక్కువ. చల్లని నీటిని గుఱ్ఱము తక్కువగ త్రాగును. ఆ కాలమున గోరువెచ్చని నీరు పెట్టుట, రోజుకు 25 మొదలు 30 గ్రాముల ఉప్పు మేతలో కలుపుట మేలు. ఊరేగింపునకు ముందును వెనుకను, ఘాట్‌రోడ్డున వాహనముపై తరలించిన వెంటనే, నీరు చూపవలెను. ఋతువునుబట్టి ఆహారమును మార్చుమన్న కౌటిల్యవిధి ఇచ్చట అక్షరాల అన్వయించును. క్రిములకు మందును తిథివారములు చూచి గాక లద్దె పరీక్షించి ఇయ్యవలెను.

ఉపసంహారము

పూర్వగ్రంథములలో గుఱ్ఱమునకు మాంసము, మద్యము, నేయి విధించిన స్థలములు కలవు. అవి ఆనాటి ఆచారమునకు సాక్ష్యములుగ చదువదగినవి. నేడు అనుష్ఠేయములు కావు. గడ్డి అరిగించుకొనుటకు నిర్మింపబడిన కోష్ఠమునకు మాంసము ఆహారము కాదు. ఋతుచర్య, దంతపరీక్ష, క్షీణాశ్వములకు గ్రాసస్థానము, చికిత్సకుని బాధ్యత అను నాలుగు విధులు మాత్రము కాలముచే కొట్టివేయబడలేదు. ఏది ఏ కోవకు చెందునో తేల్చుటకు పాఠము తెలిసినవాడును శరీరము తెలిసినవాడును కూడి కూర్చుండవలెను. తిరుపతి ఇందుకు అనువైన స్థానము. 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల, 2005లో వెలసిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము, ప్రాచ్యపరిశోధన సంస్థ, సంస్కృత విశ్వవిద్యాలయము ఒకే పట్టణమున నున్నవి. అశ్వచికిత్సా ప్రకరణములను శూల, ఆనాహాది శబ్దములకు నేటి రోగనిర్ణయముతో పోల్చి సమన్వయించిన ప్రతి పదము పాఠపరిష్కరణమునకు ఎంత మేలో, గుఱ్ఱపుశాలకును అంత మేలు.

యాస్కుని రెండవ నిర్వచనము మొదటిదానికంటె చిన్నదిగ తోచవచ్చును. మార్గమును వ్యాపించుట ఘనత. తినుట ఘనత కాదు. ఐనను స్వామి వాహనమునకు ముందు నడచిన గుఱ్ఱము నడవలేని నాడు దానికి అశ్వనామము ఈ రెండవ నిర్వచనముచేతనే నిలుచుచున్నది. అది తినగలుగునట్లు చూచుట, తిన్నది అరుగునట్లు చూచుట, దానిచే పని గొన్నవారి ఋణము.